ఐదో నాడి

మొక్క ఏడుస్తుందంటే ఎవరూ నమ్మరు గానీ, కడియం చుట్టుపక్కల ఆ ఏడాది ఏడవని మొక్క లేదు.

శుక్రవారం దీపాలవేళ అయ్యేసరికి ఇంటింటా కీచుమని ఒకటే గోల. ఇల్లాలు తలంటుకుని, దేవుడి దగ్గర దీపం వెలిగించి, నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, ఆ ధూపం ఇల్లంతా తిప్పుతూ చలవగదిలో కాలు పెట్టేది. అంతే, అక్కడ టమాటా మొక్కకు కట్టిన అగ్గిపెట్టెంత పెట్టె గొంతు చించుకునేది. ఆ వెంటనే ఆ పెట్టెలు చేసిన సత్యవేణి ఫోను మోగేది.

"ఏమ్మాయ్, దేవుడికి ధూపం ఏత్తే ఏడిసే పెట్టె ఎక్కడైనా ఉంటదా? మా అత్తగారు దాన్ని బయట పారేయమంటన్నారు."

"వద్దండి పిన్నిగారూ. చూత్తాం. కాస్త ఓపిక పట్టండి."

"మా ఇంటికి దెయ్యం పట్టిందని పక్కింటోళ్ళు చెవులు కొరుక్కుంటన్నారు. నువ్వేమో ఓపిక పట్టమంటన్నావు!"

ఎండలు ముదిరిపోయి, శివరాత్రి వెళ్ళింది మొదలు దసరా దాకా ఆరుబయట నేలలో ఆకుకూర మొలవడం మానేసిన రోజులవి. కడియం నర్సరీలే సగం వలల కిందికి, సగం గదుల్లోకి మారిపోయాయి. ఇక ఇళ్ళ సంగతి చెప్పాలా? తినే ఆకు ఇంట్లోనే పండించుకోవాలని ప్రతి ఇంటికీ ఒక చలవగది వెలిసింది. కిటికీ లేని లోపలి గది చూసుకుని, గోడలకు తడి గోనెలు వేలాడదీసి, తలుపు అంచులకు రబ్బరు పట్టీ అంటించి, లోపల అరలు కట్టి, వాటి మీద తోటకూర, బచ్చలి, గోంగూర, టమాటా కుండీలు పేర్చేవారు. పైన ఊదారంగు దీపాలు. మనుషులు ఉడికిపోతుంటే మొక్కలు హాయిగా ఉండేవి. మిట్టమధ్యాహ్నం మనుషులూ ఆ మొక్కల పంచనే చేరి నడుం వాల్చేవారు.

గదిలో మొక్క పెంచడం నేలలో పెంచినంత సులువు కాదు. నీరెక్కువైనా చావే, తక్కువైనా చావే. మట్టి తడిని కొలిచేదొకటి, వేడిని కొలిచేదొకటి, వెలుతురును కొలిచేదొకటి, ఇలా బజార్లో పరికరాలు లేకపోలేదు. అవన్నీ కొనేబదులు జీవితాంతం ఆకుకూర కొనుక్కు తినడమే నయం. సత్యవేణి అందుకే మట్టిని, గాలిని కొలవడం మానేసి, మొక్కనే అడిగితే పోలేదా అనుకుంది.

కొబ్బరిచిప్పల బొగ్గును మెత్తగా నూరి, తుమ్మజిగురుతో కలిపి, నూలుదారానికి పట్టించి ఆరబెట్టింది. ఆ దారాన్ని ఆకుకాడకు తోరంలా వదులుగా కట్టి, రెండో కొస పాత ఫోన్ల ముక్కలతో చేసిన పెట్టెకు కలిపింది. ఆకు లోపల కదిలే సన్నని విద్యుత్తు దారం గుండా పెట్టెలోకి వస్తుంది. అదంతా వట్టి గజిబిజి, అందులో అర్థం లేదు అని చాలామంది చెప్పారు. సత్యవేణి వాదించలేదు. ఆమె చదివిన ఊరిబడిలో ప్రయోగశాల లేదు. కిటికీ ఒకటి ఉండేది, కిటికీలోంచి బీరపాదు కనిపించేది. సైన్సు మాష్టారు రాని రోజల్లా ఆ పాదును చూడటమే పాఠం. ఇప్పుడూ అదే చేసింది. మొక్కల ముందు పీట వేసుకుని నెలల తరబడి కూర్చుంది. దాహమేసిన ఆకు ఒకలా కొట్టుకుంటుంది, వేడెక్కిన ఆకు ఇంకోలా. చీకటి ఎక్కువైతే ఒక తీరు, వేరు కుళ్ళితే మరో తీరు. నాలుగు నాడులు, నాలుగు రంగుల దీపాలు. మరీ ఆపదైతే కీచుమనే గొంతు. దానికి 'ఆకునాడి' అని పేరు పెట్టింది.

ఐదో నాడి మాత్రం ఆమె వెతికి పట్టుకున్నది కాదు. ఇళ్ళకు పెట్టెలు వెళ్ళాక అదే వచ్చింది. తను పనిచేసే షెడ్డులో ఎన్నడూ కనిపించని ఆ వడివడి కొట్టుకోవడం ఇళ్ళలో దీపాలవేళ కనిపించేది. పెట్టెకు అర్థంకాక పెద్దగా అరిచేది.

"మా ఇంట్లో పెట్టె ఇంతవరకూ నోరెత్తలేదు చెల్లెమ్మా," అన్నాడు ఇమ్మానుయేలు. పెట్టెల లోపలి పనంతా అతనిదే. నర్సరీ వెనక రేకుల షెడ్డులో ఇద్దరూ కలిసి మొదలుపెట్టిన వ్యవహారం ఇది. "మా ఆవిడ పాటలు పాడినా భరించింది. దాని సహనం నాకు కూడా లేదు."

"మీ ఇంట్లో సాంబ్రాణి వెయ్యరుగా అన్నయ్యా," అంది సత్యవేణి, అనేశాక తనే ఆగిపోయింది.

ఫోన్లలో ఇల్లాళ్ళు అంటున్నది నిజమేనేమోనని అప్పుడు తట్టింది. ఒక ఇంటికి వెళ్ళి కళ్ళారా చూశారు కూడా. ధూపం గదిలోకి రాగానే నాడి మారింది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఇంత కష్టపడి కనిపెట్టిన యంత్రం దేవుడి ధూపానికి ఏడుస్తోందన్నమాట!

జనానికి మాత్రం అది నవ్వులాట కాదు. శుభమా అని పూజ చేస్తుంటే ఏడిచే వస్తువు ఇంట్లో ఉండకూడదని పెట్టెలు తిరిగి రావడం మొదలైంది. అందుకని సత్యవేణి ఒక కిటుకు చేసింది. ఐదో నాడి ఒక్కటే కొడుతుంటే పెట్టె ఊరుకోవాలి. షెడ్డులోని తెర మీద ఇంటింటి నాడులూ కనిపించేచోట ఆ వరసకు 'సాంబ్రాణి' అని పేరు పెట్టింది. పెట్టెలకు కబురు పంపింది. ఆ శుక్రవారం ఒక్క ఫోనూ రాలేదు. ఇమ్మానుయేలు పుణుకులు తెప్పించాడు.

సత్యవేణికి ఒక్కటే చిన్న నలుసు. ధూపం వేసిన ఇంట్లో ఆమె చూసిన టమాటా ఆకులు కిందికి వాలాయి. నీళ్ళు లేక వాలిన ఆకు తడిగుడ్డలా వేలాడుతుంది. ఇది అలా లేదు. ఆకు బిర్రుగానే ఉంది, కాడ మాత్రం మొదట్లో వంగిపోయింది, ఎవరో చెయ్యి పెట్టి కిందికి అదిమినట్టు. దాని సంగతేమిటో చూడాలనుకుంది. ఈలోగా అక్క అనంతానికి నొప్పులొచ్చాయి.

ఆడపిల్ల పుట్టింది. పురిటికి పుట్టింటికి వచ్చిన అనంతాన్ని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేసరికి గడపలోనే పంచాయితీ మొదలైంది, బాలింతను ఏ గదిలో పడుకోబెట్టాలని. నాన్న మొక్కల లోడుతో ఒడిశా వెళ్ళాడు. అమ్మకు నర్సరీలో పని. కాబట్టి తీర్పు అమ్మమ్మ నూకాలమ్మది. ఆ మాటకొస్తే ఆ ఒక్క ఇల్లేమిటి, వీధిలో ఎవరి కానుపుకైనా నూకాలమ్మ మాటే చట్టం. పథ్యం ఏమిటి, నడుముకు గుడ్డ ఎంత బిగించాలి, బిడ్డ తల ఎటు పెట్టాలి, అన్నీ ఆవిడ చెప్పాల్సిందే. డాక్టరమ్మలు కూడా ఆవిడ ముందు గొంతు తగ్గించేవారు.

"బాలింతని చలవగదిలో పడుకోబెడతారా! ఒళ్ళంతా వాతం కమ్మెయ్యదూ?"

"బయట గదుల్లో అయితే ఉడికిపోద్ది అమ్మమ్మా. ఇంత పసిగుడ్డు తట్టుకుంటదా ఈ ఎండకి?" అంది సత్యవేణి.

నూకాలమ్మ బిడ్డ మొహం చూసింది. చెమటకు ఎర్రగా కందిపోయి ఉంది. "సరే అయితే. కానీ మంచం కింద కుంపటి పెట్టాల్సిందే. మీ చలవ మీది, నా ఏడి నాది."

"పొగొత్తదేమో?"

"పొగెందుకొత్తదే? పెరట్లో బాగా రాజేసి, బూడిద కట్టిన బొగ్గులు తెత్తాను. కళ్ళు మండితే నన్నడుగు."

నిజమే, ఎవరి కళ్ళూ మండలేదు. పొద్దున స్నానాలయ్యాక కాసేపు, సాయంత్రం కాసేపు కుంపటి లోపలికి వెళ్ళి వచ్చేది. పొగ లేదు, వాసన లేదు. తడి గోనెల చలికి ఆ కాస్త వెచ్చదనం అనంతానికీ బాగానే ఉంది. బిడ్డ పాలు తాగడం, పడుకోవడం తప్ప కిక్కురుమనేది కాదు.

"ఇంత బుద్ధిమంతురాల్ని ఈ వీధిలో చూశారా?" అని నూకాలమ్మ వచ్చినవాళ్ళందరికీ చూపించి, వాళ్ళ దిష్టి తగులుతుందని వాళ్ళ ఎదుటే ఉప్పు తిప్పి పడేసేది.

అనంతం అప్పుడప్పుడు తల దిమ్ముగా ఉందనేది. "శీతం చేసింది," అనేది నూకాలమ్మ. కుంపట్లో ఇంకో గుప్పెడు బొగ్గులు పడేవి.

సత్యవేణికి ఆ వారమంతా షెడ్డులో తీరికే లేదు. తీరిక చిక్కిన రోజు, ఆ నలుసు సంగతి తేలుద్దామని అద్దాల పెట్టెలో టమాటా మొక్కను పెట్టి, దారం కట్టి, పక్కనే మట్టి మూకుట్లో నిప్పులు వేసి సాంబ్రాణి చల్లింది. ఐదో నాడి తెర మీద వడివడిగా పరిగెత్తింది. కాసేపటికి ఆకుకాడలు వంగాయి.

"చూశావా, నిజంగా దేవుడికి దణ్ణం పెడతంది," అన్నాడు ఇమ్మానుయేలు.

"సాంబ్రాణిలో ఏముందో దీన్నింత బాధపెట్టేది. విడిగా చూద్దాం అన్నయ్యా."

నిప్పులు లేకుండా, కరెంటు పెనం మీద సాంబ్రాణి వేశారు. అద్దాల పెట్టె మబ్బు పట్టినట్టు పొగతో నిండిపోయింది. ఇద్దరికీ దగ్గొచ్చింది. మొక్క మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు నిలబడింది. నాడి మారలేదు.

"ఆకునాడి పాడైనట్టుంది," అన్నాడతను.

సత్యవేణి అద్దాల పెట్టెలోని పొగ పోనిచ్చి, ఈసారి వట్టి నిప్పులు పెట్టింది. సాంబ్రాణి లేదు, పొగ లేదు. బూడిద కట్టిన ఎర్రటి బొగ్గులు, అంతే. అద్దం మూసింది.

ఐదో నాడి ఇదివరకటి కంటే గట్టిగా కొట్టింది.

సత్యవేణి ఆ గీత వంక చూస్తూ ఉండిపోయింది. సాంబ్రాణి కాదు. బొగ్గు. ఇన్నాళ్ళూ ధూపం వెనక దాక్కుని వచ్చింది బొగ్గు. గాలి చాలక కుములుతున్న నిప్పులోంచి ఏవేవో వాయువులు పుడతాయి. ఒకటి ఆకుకు పడదు. అది సోకితే ఆకు కాడ వంచేస్తుంది. దానితోపాటే, అదే నిప్పులో, రంగూ రుచీ వాసనా లేని ఇంకొకటి పుడుతుంది. దాని ఊసు ఆకుకు పట్టదు. అది మనిషి నెత్తురు పట్టుకుంటుంది. ఇద్దరూ కవలలు. ఒకరున్నచోట రెండోవారు ఉంటారు. ఆకు ఏడ్చినప్పుడల్లా ఆ రెండోవాడు గదిలో ఉన్నట్టే.

"అన్నయ్యా," అంది. "మా ఇంటి నాడి చూడు."

ఇమ్మానుయేలు తెర మీద వెతికాడు. వాళ్ళింటి వరసలో నాలుగు నాడులూ నిమ్మళంగా ఉన్నాయి. ఐదోది పొద్దున మొదలై ఇప్పటిదాకా తెగకుండా కొడుతూనే ఉంది. దాని పైన సత్యవేణి తన చేత్తో పెట్టిన పేరు ఉంది, 'సాంబ్రాణి' అని.

ఇంటికి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. ఫోను వెలుతురు బిడ్డ కళ్ళకు మంచిది కాదని అనంతం ఫోనును వంటింట్లో పెట్టించేసింది అమ్మమ్మ. అమ్మకు చేసింది. నర్సరీలో లోడెత్తేవేళ ఆవిడ ఫోను ఏ చెట్టు కొమ్మకు తగిలించిన సంచీలో ఉందో! పక్కింటివాళ్ళు మండపేట పెళ్ళికి వెళ్ళారు.

"బండి తియ్యి అన్నయ్యా."

"ఉండు. ముందు పెట్టె నోరు విప్పు," అన్నాడు ఇమ్మానుయేలు.

ఆ మాట తనకెందుకు తట్టలేదని ఆమె ఆశ్చర్యపోవడానికి కూడా వ్యవధి లేదు. ఆ ఇంటి పెట్టెకు తను వేసిన గొళ్ళెం తీసేసి కబురు పంపింది. కబురు ఇంటినుంచి ఇంటికి పెట్టెల మీదుగా గెంతుతూ పోవాలి. చేరిందో లేదో చూసుకోకుండానే ఇద్దరూ బండెక్కారు.

ఎండకు రోడ్డు మీద పిట్ట లేదు. గట్టుకు అటూ ఇటూ వలల కింద మొక్కలు నల్లగా కనిపిస్తున్నాయి. సత్యవేణి బుర్రలో ఒకటే పాట. పెట్టె అరిచి ఉంటుందా? అరిస్తే అమ్మమ్మకు వినబడుతుందా? వినబడితే ఏం చేస్తుంది? అపశకునమని దారం తెంపేస్తే? దారం తెగితే పెట్టె మూగబోతుంది. తెంపకుండా ఉండాలి. ఎందరో దేవుళ్ళకు మొక్కింది, ఇమ్మానుయేలు దేవుడితో సహా.

సందు మలుపు తిరిగారు. ఇంటివైపు నుంచి చప్పుడు లేదు.

నూకాలమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. ఒళ్ళో బిడ్డ. గుప్పిట్లో పెట్టె, దానికి వేలాడుతూ తెగిన దారం.

"ఇదిగో నీ దరిద్రప్పెట్టె! నిద్దరోయే పిల్లని లేపేత్తదని తెంపేశాను. ఏం గొంతే తల్లీ, కోడిని కోత్తున్నట్టు."

"పిల్లని ఎప్పుడు తెచ్చావు అమ్మమ్మా బయటికి?"

"ముందే తెచ్చాను. అది ఎంతకీ ఊరుకోకపోతే పిల్లని ఇక్కడ పడుకోబెట్టి, మళ్ళీ ఎల్లి దాని పీక నొక్కాను."

"అక్కేదీ?"

"పడుకుంది. అంత గోలకీ లెగలేదు పాపం, ఎన్నాళ్ళ నిద్దరో. పొద్దుట్నుంచీ తలనొప్పి, వణుకు అంటంటే రెండు కుంపట్లు పెట్టాను, సుఖంగా పడుకుంది. చలవ పోద్దని తలుపేసొచ్చాను."

సత్యవేణి అప్పటికే లోపల ఉంది. రబ్బరు పట్టీ పట్టుకున్న తలుపు ఊడిరానంది. భుజంతో గుద్ది తెరిచింది. ఊదారంగు వెలుతుర్లో టమాటా మొక్కలన్నీ కాడలు వంచి నేల చూస్తున్నాయి. మంచం మీద అనంతం నోరు కొద్దిగా తెరిచి పడుకుని ఉంది. బుగ్గలు ఎర్రగా నిగనిగలాడుతున్నాయి.

"అక్కా!" భుజం పట్టి ఊపింది. తల అటు వాలిపోయింది.

"అన్నయ్యా, రా! ఊపిరి బిగబట్టుకుని రా!"

ఇమ్మానుయేలు గుమ్మం దగ్గరకు వచ్చాడు. వెనకే నూకాలమ్మ. "ఏయ్ అబ్బాయ్! పురిటి గదది. మగాళ్ళు పోకూడదు!"

అతను ఒక్క క్షణం గడప మీద ఆగాడు.

"మామ్మగారూ, ఆనక తిట్టండి. ఎంత కావాలంటే అంత తిట్టండి," అని లోపలికి దూకాడు.

దుప్పటితో సహా ఎత్తి ఇద్దరూ ఆమెను అరుగు మీదికి తెచ్చారు. నూకాలమ్మ బిడ్డను గుండెకు అదుముకుని, బిత్తరపోయి చూసింది. "మొహం కళకళలాడతంది కదే. ఏవైందని?"

"ఆ కళ మంచిది కాదు అమ్మమ్మా."

సత్యవేణి అక్క మొహం మీద నీళ్ళు కొట్టింది, చెంపల మీద తట్టింది, పేరు పెట్టి పిలిచింది, చిన్నప్పటి తిట్లతో పిలిచింది. ఇమ్మానుయేలు ఒక చేత్తో నూట ఎనిమిదికి ఫోను చేస్తూ, రెండో చేత్తో చాపతో విసురుతున్నాడు. అనంతం ఛాతీ చిన్నగా లేస్తోంది, పడుతోంది. లేచినప్పుడల్లా సత్యవేణి ఊపిరి కూడా దానితో లేచింది. ఎంతసేపటికో గానీ అనంతం కనురెప్పలు అదిరాయి. "ఊఁ," అంది. ఆ వెంటనే పక్కకు తిరిగి వాంతి చేసుకుంది. వాంతి చూసి సంతోషించినవాళ్ళు ఈ లోకంలో ఉన్నారంటే ఆ పూట ఆ ముగ్గురే.

రాజమండ్రి పెద్దాసుపత్రిలో తల్లికి మొహానికి, బిడ్డకు అద్దపు తొట్టిలో ప్రాణవాయువు పెట్టారు. పొద్దువాలేదాకా ఎవరూ ఏమీ చెప్పలేదు. చివరికి ఒక కుర్ర డాక్టరమ్మ వచ్చి, "ఇద్దరికీ భయం లేదు," అంది. ఇంకేదో అనబోయి నూకాలమ్మను చూసి ఆపేసింది.

కబురందుకుని నర్సరీ నుంచి వచ్చిన అమ్మ లోపలికి పరిగెత్తింది. నూకాలమ్మ మాత్రం వరండాలో గోడకు చేరబడి కూర్చుండిపోయింది. ఆవిడ అంత చిన్నగా ఉంటుందని సత్యవేణి ఎప్పుడూ గమనించలేదు. వెళ్ళి పక్కన కూర్చుంది.

"నేనే చంపేసేదాన్ని కదే," అంది నూకాలమ్మ నేల చూస్తూ.

"నేనూ అంతే అమ్మమ్మా. మొదటి రోజునుంచీ ఆ మొక్క చెబుతూనే ఉంది. పెట్టె అరవకుండా చేసింది నేనే."

"ఎందుకు చేశావు?"

"పూజవేళ ఏడుస్తందని అందరూ తిడతన్నారని."

"నన్నెవరూ తిట్టలేదే," అంది నూకాలమ్మ. "ఇన్నేళ్ళలో ఒక్కరూ తిట్టలేదు. అదే నా ఖర్మ."

లోపలినుంచి అమ్మ కేకేసింది. ఇద్దరూ వెళ్ళేసరికి అనంతం కళ్ళు తెరిచి, మొహం మీది గొట్టం కాస్త పక్కకు జరిపి వీళ్ళనే చూస్తోంది. గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది.

"అమ్మమ్మా, ఇక్కడ ఏసీ వేశారే. చలేత్తంది. కుంపటి తెచ్చావా?"

నూకాలమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. నవ్వో ఏడుపో ఎవరికీ తెలియలేదు. ఆవిడ భుజాలు మాత్రం ఊగిపోయాయి. "సచ్చినదానా," అంది మనవరాలి కాళ్ళు పట్టుకుని, "సచ్చినదానా, నా తల్లే, సచ్చినదానా."

సత్యవేణి వరండాలోకి వచ్చి గోడకు ఆనుకుంది. ఇమ్మానుయేలు టీ తెచ్చి చేతికిచ్చి, తన సంచీలోంచి పలకంత తెర తీసి ఒళ్ళో పెట్టాడు.

"మిగతా ఇళ్ళ సంగతి చూడాలి కదా చెల్లెమ్మా. ఇంట్లో కుంపటి పెట్టుకునేది మీ ఒక్కళ్ళేనా?"

"చూడాలి."

"రేపు శుక్రవారం. ఊరంతా మన వంశాల్ని కడిగేత్తారు."

"కడగనీ అన్నయ్యా."

తెర మీద 'సాంబ్రాణి' అన్న పేరు చెరిపి, ఆ చోట 'తలుపు తియ్యండి' అని రాసింది. ఎన్ని ఇళ్ళలో పెట్టెలున్నాయో అన్నింటి గొళ్ళెమూ తీసి కబురు పంపింది. ఆ రాత్రి ఆసుపత్రి బెంచీ మీద కూర్చునే నిద్రపోయింది, గాఢంగా.

అనుకున్నంతా అయింది. తిట్లకు ఫోను వేడెక్కిపోయింది. సత్యవేణి ప్రతివాళ్ళకూ ఓపిగ్గా జరిగింది చెప్పేది. కొందరు భయపడి కుంపట్లు పెరట్లో పెట్టారు. కొందరు "మా తాతల నాటినుంచీ వేత్తన్నాం, మాకేం కాలేదు," అని దారం తెంపి ఊరుకున్నారు. తాతల నాడు ఇళ్ళకు రబ్బరు పట్టీల తలుపులు లేవని చెబితే, చదువుకున్నదానివి కదా అని ఎగతాళి చేశారు. పెట్టెకు నోరైతే ఇచ్చింది గానీ, వినే చెవులు ఎక్కడినుంచి తేవాలో ఆమెకు తెలియలేదు.

అనంతం ఇంటికి వచ్చి, మునుపటి అనంతమై అందరి మీదా అరవడం మొదలుపెట్టాక, వీధి చివర వడ్రంగి సింహాద్రి కోడలు ప్రసవించింది. ఎప్పటిలాగే నూకాలమ్మకు కబురొచ్చింది. ఆవిడ పోనంటుందేమో అనుకుంది సత్యవేణి. ఆసుపత్రి నుంచి వచ్చినప్పటినుంచీ ఆవిడ ఎవరి గడపా తొక్కలేదు. నూకాలమ్మ చీర మార్చుకుని, పళ్ళెంలో పసుపు కుంకాలు పెట్టుకుని, "నీ పెట్టె ఒకటి పట్టుకుని నాతో రా," అంది.

సింహాద్రి ఇంట్లో చలవగది తలుపు దగ్గరే కుంపటి సిద్ధంగా ఉంది. నూకాలమ్మ దాన్ని చూసి, గుడ్డతో అంచు పట్టుకుని, తీసుకెళ్ళి వీధిలో పెట్టి వచ్చింది. సింహాద్రి భార్య వీరభద్రమ్మ నోరు తెరిచింది. నూకాలమ్మ పట్టించుకోలేదు. బాలింతకు మందపాటి దుప్పటి కప్పించింది, చెవులకు గుడ్డ కట్టించింది, తడి గోనెలు సగం తీయించింది, తలుపు జానెడు మేర తెరిచి సందులో ఇటుక పెట్టించింది. తర్వాత చెయ్యి చాపింది.

"దారం తే."

సత్యవేణి ఇచ్చింది. నూకాలమ్మ దారానికి పసుపు పూయబోయింది.

"దారానికి వద్దు అమ్మమ్మా, పనిచెయ్యదు," అని గొణిగింది సత్యవేణి.

నూకాలమ్మ తొణకలేదు. పసుపు బొట్టు కుండీకి పెట్టి, దారాన్ని టమాటా కాడకు కట్టి, కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కుని, అందరివైపూ తిరిగింది.

"బాగా వినండి. బాలింత గదిలో పచ్చటి మొక్కకి తోరం కట్టాలి. మొక్క ఏడిసిందంటే గదిలో గాలి చెడిందని. ముందు బిడ్డనీ తల్లినీ బయటికి తేవాలి. ఇద్దర్నీ తేవాలి. ఒకళ్ళని తెచ్చి ఒకళ్ళని వదిలితే మహాపాపం. వాళ్ళు బయటికొచ్చేదాకా తోరం తెంపకూడదు. తెంపితే ఇంటికి అరిష్టం."

వీరభద్రమ్మ బుగ్గన వేలేసుకుంది. "ఇన్ని కానుపులు చూశాం గానీ ఈ ఆచారం ఎప్పుడూ ఇనలేదే పెద్దమ్మా?"

"నువ్వెక్కడింటావే, నిన్నగాక మొన్న కాపరానికొచ్చినదానివి! మా అమ్మమ్మ కాలం నుంచీ ఉంది ఇది."

వీరభద్రమ్మకు ఇంకా నమ్మకం కుదిరినట్టు లేదు. ఊళ్ళో అబద్ధమాడదని పేరున్న పిల్ల కదా అని సత్యవేణి వైపు తిరిగింది.

"నిజమేనా అమ్మాయ్?"

సత్యవేణి అమ్మమ్మ మొహం చూసింది. మంచం మీద కునికిపాట్లు పడుతున్న బాలింతను, ఆమె పక్కన పిడికిళ్ళు బిగించి ఒళ్ళు విరుచుకుంటున్న పసివాణ్ణి చూసింది.

"ఆయ్, నిజమేనండి," అంది. "చాలా పాత ఆచారమండి."